ఆర్‌తో ముగిసే ఐదక్షరాల మాట

ఆటో ఇంకా ఊరు దాటకముందే డ్రైవరు బాలకృష్ణ ఆ కబురు ఎత్తుకున్నాడు.

"రాత్రి వాగు అవతల ఎద్దును కొట్టిందంట. మెడ కాడ పట్టుకోని పొదల్లోకి ఈడ్చుకుపోయిందంట. ఫారెస్టోళ్ళు పొద్దున్నే మైకులో చెప్తా ఉండారు, అడివిలోకి ఎవురూ పోవద్దని."

ఏది కొట్టిందో అతను అనలేదు. అనకపోయినా వెనక కూర్చున్న వాళ్ళకు తెలుసు. నాగలక్ష్మి ఒళ్ళో పెట్టుకున్న టిఫిన్ డబ్బాను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"అన్నా, ఇంగ ఆ ముచ్చట ఆపు," అంది పక్కనున్న రాధిక. "మా నాయనోళ్ళు ఆడే ఉండారు."

బాలకృష్ణ అద్దంలో ఇద్దరి మొహాలూ చూసి, ఆటో వేగం పెంచాడు.

నాగలక్ష్మి నాయన యల్లయ్య, రాధిక నాయన నాగేశ్వర్లు బావాబామ్మర్దులు. ఇద్దరి గొర్రెలూ కలిపి ఒకటే మంద. ఊరి చుట్టూ గడ్డి మాడిపోయిందని మొన్న మందను తోలుకుని నల్లమల అంచుకు పోయారు. అక్కడ ఫోన్లు పలకవు. మేత ఉన్నన్నాళ్ళు ఉంటారు, అయిపోతే వస్తారు. ఫలానా రోజు వస్తామని చెప్పిపోయే అలవాటు లేదు.

వాళ్ళ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. మగవాళ్ళు మందతో అడవిలో ఉన్నంతకాలం ఇంట్లో వాళ్ళు పులి పేరు ఎత్తరు. "పెద్దది" అంటారు, లేకపోతే "అది" అని ఊరుకుంటారు. బడిలో వాచకంలో ఆ బొమ్మ వస్తే పిల్లలు దాని మీద వేలు పెట్టి చూపిస్తారు గాని పేరు చదవరు. పేరు పెట్టి పిలిస్తే, పిలిచిన వాళ్ళ మనిషిని వెతుక్కుంటూ వస్తుందని పెద్దవాళ్ళ మాట. చిన్నప్పుడు నాగలక్ష్మి ఒకసారి, ఇంగ్లీషులో అంటే తప్పులేదు కదా అని వాళ్ళ అవ్వ శేషమ్మను అడిగింది. ఆమె విస్తరాకులు కుడుతూ తల ఎత్తకుండానే, "అది అన్ని భాషలూ వింటది," అంది. ఆ మాట నాగలక్ష్మి మనసులో ఎక్కడో పడిపోయి ఉండిపోయింది. పదో తరగతికి వచ్చాక అదంతా ఉత్తదే అనుకునేది. అనుకుంటూనే, నాయన అడవికి పోయిన రోజుల్లో ఎప్పుడూ నోరు జారలేదు.

కంభంలో ఆటో దిగి మార్కాపురం బస్సెక్కారు. వాళ్ళ ఇంగ్లీషు టీచరు రోజీ మేడం అప్పటికే సీట్లు పట్టుకుని ఉంది. మార్కాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్ళు ఆ రోజు పదో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లీషు మాటల పోటీ పెట్టారు. గెలిచిన ఒక్క పిల్లకు ఇంటర్ రెండేళ్ళూ ఫీజు లేకుండా సీటు, హాస్టల్లో భోజనం, మంచం. రెండో స్థానానికి ఒక గోడగడియారం.

గడియారం సంగతి ఎవరికీ అక్కర్లేదు. యల్లయ్య కూతురికి ముందే చెప్పాడు. "ఊరికే ఇస్తే పోయి చదువుకో. లేకుంటే పదోది చాలు. ఎండాకాలం మందను కృష్ణానది పక్కకు తోలుకపోతాం గదా, వంటకు మనిషి కావాల. మీ అమ్మ ఒక్కతే ఎంతని చేస్తది." కోపంగా చెప్పలేదు. ఆ మాట అంటూ నాగలక్ష్మి కంచంలో ఇంకొంచెం పప్పు కూడా వేశాడు. అందుకే ఎదురు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఎవరికైనా సరే ఎదురు చెప్పడం ఆమెకు రాదు. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. పక్క పిల్లకు చెవిలో చెబితే ఆ పిల్ల లేచి చెప్పి మంచి పేరు కొట్టేసేది.

"మీరిద్దరూ ఒకే ఇంటి పిల్లల లెక్క," అంది రోజీ మేడం బస్సులో. "సీటు ఎవరికి వచ్చినా రెండో వాళ్ళు సంతోషపడాల. సరేనా?"

"నాకొస్తే నేను సంతోషపడతా మేడం," అంది రాధిక. "దానికొస్తే సంతోషపడాల్నో లేదో ఇంటికి పోయినాక చెప్తా."

మేడం నవ్వింది. నాగలక్ష్మి కూడా నవ్వింది గాని, కిటికీ లోంచి పలకల గనుల దగ్గరి రాతిదిబ్బలు వెనక్కి పోతుంటే ఆమె చూపంతా వాటి అవతల నల్లగా కనిపిస్తున్న కొండల మీదే ఉంది. బస్సు దిగేలోపల మేడం ఫోనుతో నాయనకు మూడునాలుగుసార్లు చేసింది. అందుబాటులో లేరని ఒకటే మాట.

కాలేజీ హాలు నిండా పిల్లలు. వేదిక మీద రెండు మైకులు, ఒక బల్ల. పోటీ నడిపే సారు చేతిలో పొడుగాటి చెక్క స్కేలు ఉంది. ఆట అందరికీ తెలిసిందే. సారు ఒక అక్షరం చెప్తాడు. ఆ అక్షరంతో ముగిసే ఇంగ్లీషు మాట చెప్పాలి. మాటలో సరిగ్గా ఐదే అక్షరాలు ఉండాలి. ఒకరు అన్న మాట మళ్ళీ ఇంకొకరు అనకూడదు. సారు బల్ల మీద స్కేలుతో మూడు దెబ్బలు కొట్టేలోపల చెప్పకపోతే ఇంటికే.

మొదటి విడతలో అక్షరం టి. నైట్, లైట్, రైట్, ఫ్రూట్ అంటూ గబగబా సాగింది. నాగలక్ష్మి వంతు వచ్చినప్పుడు ఆమె "హార్ట్" అంది. ఎవరికీ వినపడలేదు.

"అమ్మా, మైకు నిన్ను కరవదు. దగ్గరికి రా," అన్నాడు సారు. హాలంతా నవ్వింది. రెండోసారి ఆమె గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే ఆమే ఉలిక్కిపడింది.

కాని మాటలు ఉన్నాయి ఆమె దగ్గర. మందుచీటీల మీద, సబ్బు కాగితాల మీద, కరెంటు బిల్లు మీద, ఎరువుల బస్తా మీద, కనిపించిన ప్రతి ఇంగ్లీషు మాటనూ అక్షరాలు లెక్కపెట్టుకుంటూ తిరిగేది. ఎవరితోనూ మాట్లాడనివాళ్ళకు అలాంటి కాలక్షేపం ఏదో ఒకటి ఉంటుంది. టి అయిపోయేసరికి హాలులో సగం మంది కిందికి దిగిపోయారు. రెండో విడతలో అక్షరం వై. చివరికి వేదిక మీద ముగ్గురే మిగిలారు. నాగలక్ష్మి, రాధిక, మార్కాపురంలోనే బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి హారిక. హారిక చకచకా చెప్పే పిల్ల. ఆ తొందరలోనే "ఫ్యామిలీ" అనేసింది. సారు వేళ్ళ మీద లెక్కపెట్టాడు, ఆరు అక్షరాలు. హారిక నాలుక కరుచుకుని, దిగివెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

"గొర్రెలోళ్ళ పిల్లలు మిగిలినారు చూడు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకెవరో మేక అరిచినట్టు అరిచారు.

"గొర్రెకు మేకకు తేడా తెల్వదు వాళ్ళకు," అని రాధిక మెల్లగా అంది. నాగలక్ష్మికి నవ్వు వచ్చింది. ఆ రోజుకు ఆమె నవ్విన చివరి నవ్వు అదే.

చివరి విడతకు ప్రిన్సిపల్ కృష్ణకుమారి మేడం లేచి మైకు అందుకుంది. "ఇప్పుడు ఇద్దరే. ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళు ఇంకొక్క మాట చెప్పి గెలవాలి. ఆ ఒక్క మాట వాళ్ళు కూడా చెప్పలేకపోతే, మూడో స్థానంలో ఉన్న హారికకు అవకాశం వెళ్తుంది. హారిక చెప్తే సీటు హారికది. ఇది ముందే చెప్తున్నా, తర్వాత ఏడుపులు వద్దు."

సారు బల్ల మీది గిన్నెలోంచి చీటీ తీశాడు. "ఆర్," అన్నాడు.

ఆ అక్షరం చెవిన పడగానే నాగలక్ష్మికి మొట్టమొదట తోచింది ఒకే ఒక్క మాట. పక్కకు చూసింది. రాధిక కూడా ఆమెనే చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"వాటర్," అంది రాధిక.

"పేపర్."

"పవర్."

"మోటర్."

ఊళ్ళో నీళ్ళ బోరు దగ్గర మొదలుపెట్టి ఇద్దరూ ఇళ్ళలోకి వచ్చారు. మీటర్, మిక్సర్, షుగర్, ఫీవర్, లివర్. అవ్వ మందుల సంచి అయిపోయాక బజారుకు పోయారు. ఆఫర్, ఆర్డర్, కవర్, సూపర్. సెల్ టవర్, సోలార్, ఓటర్. ఒక్కొక్క మాటకూ హాలులో పిల్లలు వేళ్ళు ముడిచి లెక్కపెట్టి తలలూపుతున్నారు. రోజీ మేడం అయితే ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేదు.

అంతదాకా బాగానే జరిగింది. కాని నాగలక్ష్మికి లోపల ఒక కొత్త కష్టం మొదలైంది. మిగిలిన మాటల కోసం వెతికిన ప్రతిసారీ ఆ ఒక్క మాటే అడ్డంగా వచ్చి కూర్చుంటోంది. దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోవాలి. పోతుంటే పొదల్లో ఎద్దు మెడ గుర్తుకొస్తోంది. నాయన తలకు చుట్టుకునే ఎర్ర తువ్వాలు గుర్తుకొస్తోంది. మందలో అది దూకితే గొర్రెలు దిక్కుకొకటి పరిగెత్తినట్టు, బుర్రలో ఉన్న మాటలన్నీ చెల్లాచెదురు అవుతున్నాయి.

"రివర్," అంది రాధిక, కొంచెం ఆగి.

"రూలర్," అంది నాగలక్ష్మి, సారు చేతిలో స్కేలు చూసి.

"జోకర్."

"యాక్టర్."

రాధిక మెడ మీద చెమట కారుతోంది. స్కేలు ఒకసారి పడింది. "చైర్," అంది. నాగలక్ష్మి "ఫ్లోర్" అంది. మళ్ళీ రాధిక వంతు. ఒక దెబ్బ. రెండో దెబ్బకు ముందు "మేజర్" అంది. నాగలక్ష్మి వెంటనే "మైనర్" అంది.

వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. అంత తేలికైన మాటను ఇద్దరూ ఎందుకు వదిలేస్తున్నారో వాళ్ళకు అర్థం కావడం లేదు. ఒకమ్మాయి రెండు చేతులూ పైకెత్తి పంజా విసురుతున్నట్టు చూపించింది. ఇంకో ఇద్దరు గుర్రుమన్నారు. సారు వాళ్ళను గద్దించాడు. రోజీ మేడం కుర్చీ అంచుకు జరిగి, కళ్ళు పెద్దవి చేసి, ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. ఆమెది ఒంగోలు. ఊళ్ళో కట్టుబాటు సంగతి ఆమెకు తెలియదు.

రాధిక వంతు.

మొదటి దెబ్బ పడింది. రాధిక పైకప్పు వైపు చూసింది. పెదవులు తడుపుకుంది. రెండో దెబ్బ పడింది. రాధిక చూపు కిందికి దిగి మైకు మీద ఆగింది. నోరు తెరిచింది. నాలుక పైకి లేచి పళ్ళ వెనక ఆనడం నాగలక్ష్మికి కనిపించింది.

నాగలక్ష్మి తల అడ్డంగా ఊపింది. కొంచెమే ఊపింది. రాధిక చూసింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది, మాట మాత్రం రాలేదు.

మూడో దెబ్బ పడింది.

హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. "అయ్యో" అని ఎవరో అన్నారు. రాధిక మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, చున్నీ అంచుతో మెడ తుడుచుకుంది.

"నాగలక్ష్మీ, ఒక్క మాట," అన్నాడు సారు. "ఒక్కటి చెప్తే సీటు నీదే. నిదానంగా ఆలోచించుకో, మొదటి దెబ్బ కొంచెం ఆలస్యంగా కొడతా."

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. బుర్ర ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో అదొక్కటే తోక ఆడిస్తూ కూర్చుని ఉంది. అది అంటే చాలు. రెండేళ్ళ చదువు, మంచం, కృష్ణ పక్క పొలాల్లో కట్టెల పొయ్యి ముందు కూర్చోనక్కర్లేకపోవడం, అన్నీ ఆ ఐదక్షరాల్లోనే ఉన్నాయి. ఇంగ్లీషు మాట. కాలేజీ గోడల మధ్య అనే మాట. కొండలు ఎక్కడ, మార్కాపురం ఎక్కడ.

కాని రాధిక కూడా ఇదే అనుకుని నోరు తెరిచింది కదా. తనే కదా ఆపింది.

మొదటి దెబ్బ.

తను ఎందుకు తల ఊపింది? నాయన కోసమేనా? నాయన కోసమే అయితే ఇప్పుడు కూడా నోరు మూసుకోవాలి. సీటు కోసం అయితే ఇప్పుడు ఆ మాట అనేయాలి. ఏది నిజమో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు చేసే పనిని బట్టి అది తేలిపోతుందని మాత్రం తెలిసింది. ఆ తెలియడమే ఎక్కువ భయం పుట్టించింది.

రెండో దెబ్బ.

"సార్," అంది.

స్కేలు గాలిలో ఆగింది.

"సార్, మాకు ఒక మాట తెలుసు. మా ఇద్దరికీ తెలుసు. అది మేం అనం." మైకులో తన గొంతు ఎవరిదో లాగా వినిపిస్తోంది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి ఆగకుండా చెప్పింది. "మా నాయన, మా మామ మందతో అడివిలో ఉండారు. రాత్రి ఆ పక్కనే ఎద్దును చంపింది. మగోళ్ళు అడివిలో ఉన్నప్పుడు మా ఊళ్ళో దాని పేరు ఎత్తరు. రాధిక వదిన గూడ అందుకే అనలేదు. మాకు వేరే అక్షరం ఇయ్యండి సార్. ఇద్దరికీ మళ్ళీ పెట్టండి."

సారు స్కేలు దించాడు. తర్వాత వెనక వరస మొత్తం పగలబడి నవ్వింది. నవ్వు ముందుకు ముందుకు వచ్చింది. సారు కూడా నవ్వు ఆపుకుంటూ, "అది ఇంగ్లీషు మాటమ్మా. తెలుగు అడవిలో ఉన్నదానికి ఇంగ్లీషు ఏం తెలుస్తుంది?" అన్నాడు.

"మా అవ్వ తెలుస్తదంటది సార్."

నవ్వు ఇంకా పెద్దదైంది. నాగలక్ష్మి చెవులు మండిపోతున్నాయి. కాళ్ళు కదలనివ్వకుండా మైకు గొట్టాన్ని పట్టుకుని నిలబడింది. ఇంత మందిలో ఇన్ని మాటలు ఆమె పుట్టి బుద్ధెరిగి మాట్లాడలేదు.

కృష్ణకుమారి మేడం నవ్వలేదు. చెయ్యి ఎత్తి హాలును నిశ్శబ్దం చేసింది. "నువ్వు చెప్పింది నమ్ముతున్నానమ్మా," అంది. "కానీ అక్షరం మార్చలేను. టి దగ్గరా వై దగ్గరా ఆగిపోయిన పిల్లలందరూ మాకూ మార్చండి అంటారు. వాళ్ళకు ఏం చెప్పాలి నేను? అది కాక వేరే మాట ఏదైనా ఉంటే చెప్పు. ఇంకొంచెం సమయం ఇస్తా."

అది న్యాయంగానే ఉంది. నాగలక్ష్మికి కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేకపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. వాటర్, పేపర్, పవర్, అన్నీ అయిపోయినవే వచ్చి ముందు నిలబడ్డాయి. మూడో దెబ్బ ఎప్పుడు పడిందో ఆమెకు వినిపించలేదు. కళ్ళు తెరిచేసరికి సారు హారికను పిలుస్తున్నాడు.

హారిక వేదిక ఎక్కింది. ఆమె స్నేహితురాళ్ళు ముందు వరసలో కూర్చుని పంజాలు చూపిస్తున్నారు, గుర్రుమంటున్నారు. "చెప్పవే, చెప్పవే," అంటున్నారు. ఇక ఐపోయింది అనుకుంది నాగలక్ష్మి. సీటు ఎలాగూ పోయింది. ఇప్పుడు ఆ మాట కూడా ఈ హాలులో అందరి ముందూ పెద్దగా వినపడుతుంది. తను అన్నా, ఇంకొకరు అన్నా వినేదానికి తేడా తెలుస్తుందా? రాధిక రెండు చేతులతో చెవులు మూసుకుంది.

హారిక మైకు ముందు నిలబడి, చెవులు మూసుకున్న రాధికను చూసింది. నాగలక్ష్మిని చూసింది. స్కేలు ఒకసారి పడింది. హారిక నోరు విప్పలేదు. రెండోసారి పడింది. ముందు వరసలో స్నేహితురాళ్ళు గుర్రుమనడం మానేసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"బయ్యర్," అంది హారిక. "బి, యు, వై, ఇ, ఆర్. మా దుకాణానికి వస్తారు కదా సార్, వాళ్ళు."

చప్పట్లు మోగాయి. హారిక కిందికి దిగుతూ నాగలక్ష్మి పక్కన ఒక్క క్షణం ఆగి, "మీ నాయనకు ఏమీ కాదులే," అంది. ఆ సీటు ఆ పిల్లకు అంత అవసరమో కాదో నాగలక్ష్మికి తెలియదు. తిట్టుకుందామనుకుంది. మనసు రాలేదు.

రెండో బహుమతి ఎవరికివ్వాలో తేలక గడియారాన్ని వాళ్ళ బడికే ఇచ్చారు.

తిరుగు బస్సులో రోజీ మేడం ముగ్గురికీ టిక్కెట్లు తీసుకుంది. తర్లుపాడు దాటాక, "నాకు ముందే చెప్పుంటే," అని మొదలుపెట్టి, "చెప్పుంటే మాత్రం నేనేం చేసేదాన్నిలే," అని ఆపేసింది. గడియారం పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

రాధిక కిటికీ వైపు కూర్చుంది. కంభం దగ్గరపడుతుండగా ఇటు తిరగకుండానే అడిగింది. "నువ్వు తల ఊపింది మీ నాయన కోసమా, సీటు కోసమా?"

"తెలీదు వదినా."

"తెలీదా?"

"నిజంగా తెలీదు. అప్పుడు తెలీలేదు."

రాధిక ఇటు తిరిగింది. "నువ్వు ఊపకుంటే నేను అనేసేదాన్ని," అంది. "మా నాయన ఆడున్నా అనేసేదాన్ని. నోట్లోకి వచ్చేసింది అప్పటికే." ఆ తర్వాత నాగలక్ష్మి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. రాధిక చెయ్యి చల్లగా ఉంది. "బయ్యర్ నాకు తోచనే లేదు చూడు. ఎరువుల కొట్టోడు ఇచ్చే బిల్లు మీద ఉంటది గదా."

నాగలక్ష్మికి కూడా తోచలేదు. ఆ మాటే కాదు, లేయర్ తోచలేదు, టైమర్ తోచలేదు, గొర్రె బొచ్చు కత్తిరించడానికి ఇంగ్లీషులో ఉన్న షియర్ కూడా తోచలేదు. ఇప్పుడు బస్సు కుదుపులకు ఒక్కొక్కటే రాలిపడుతున్నాయి. ఒకదాన్ని అనకూడదని పట్టుకుని కూర్చున్నంతసేపూ మిగతావన్నీ పారిపోయాయి.

పొద్దు వాలుతుండగా ఊళ్ళో ఆటో దిగారు. దిగుతూనే ఇద్దరూ దొడ్డి వైపు చూశారు. ముళ్ళకంప తడిక మూసి ఉంది. లోపల గొర్రెలు ఉన్నాయి.

నాగలక్ష్మి పరిగెత్తింది. ఇంటి ముందు నులక మంచం మీద యల్లయ్య కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. పక్కన నాగేశ్వర్లు బీడీ కాలుస్తున్నాడు. ఇద్దరూ స్నానం చేసి, ఉతికిన చొక్కాలు వేసుకుని ఉన్నారు.

"ఎప్పుడొచ్చినావు నాయనా?"

"పొద్దున్నే. నువ్వట్ల ఆటో ఎక్కి పోయినావంట, మేమిట్ల చేని దారిలో వచ్చినాం. ఫారెస్టోళ్ళు తెల్లారకముందే మమ్మల్ని బయటికి తోలినారు. ఫోను చార్జింగ్ లేక సచ్చింది. ఏంది, గెలిచినావా?"

రాధిక వాళ్ళ నాయన పక్కన కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే జరిగినదంతా చెప్పింది. చెబుతుంటే నడుమ నడుమ నవ్వు కూడా వస్తోంది ఆమెకు. మేక అరుపులు, పంజాలు, సారు స్కేలు, బయ్యర్, అన్నీ చెప్పింది. తను నోరు తెరిచిన సంగతి కూడా దాచలేదు. శేషమ్మ గడపలో కూర్చుని అంతా విని, రెండు చేతులూ ఎత్తి కొండల వైపు దణ్ణం పెట్టింది.

"మంచి పని చేసినారు," అంది. "నోరు కాచుకున్నారు. ఇంటి పిల్లలంటే అట్లుండాల."

"పోనీలే," అన్నాడు యల్లయ్య. కూతురి వైపు చూడలేక గ్లాసులోకి చూశాడు. "సీటు పోతే పోయింది. పానాలు దక్కినాయి."

నాగలక్ష్మి ఇంకా నిలబడే ఉంది. ఎప్పటిలా తల వంచుకుని లోపలికి పోవాల్సిన చోటు అది. గిన్నెలు బయట బోర్లించి ఉన్నాయి, తీసి లోపల పెట్టాలి. పొయ్యి వెలిగించాలి. ఆమె కదల్లేదు.

"మీ పానాలకు ఏమీ కాలేదు నాయనా," అంది. "మీరు పొద్దుట్నుంచి ఇంట్లోనే ఉండారు. పోయింది నా సీటే."

నాగేశ్వర్లు బీడీ నోట్లోంచి తీశాడు. శేషమ్మ దణ్ణం పెట్టిన చేతులు దించి, మనవరాలిని కిందినుంచి పైకి చూసింది. "మార్కాపురం పోయొచ్చేతలికి నోరొచ్చింది దీనికి," అంది.

"రానీలే అమ్మా," అన్నాడు యల్లయ్య.

గ్లాసు కింద పెట్టాడు. తువ్వాలు తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. దొడ్డిలో ఒక గొర్రె దగ్గింది. ఆ నిశ్శబ్దం నాగలక్ష్మికి హాలులో రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య ఉన్న నిశ్శబ్దం కంటే పొడుగ్గా అనిపించింది. ఇప్పుడు ఆమె ఏ మాట కోసమూ వెతకడం లేదు. చెప్పాల్సింది చెప్పేసింది.

"ఆ కాలేజీలో," అన్నాడు చివరికి యల్లయ్య, "ఊరికే ఇచ్చేవి గాక డబ్బులు కట్టే సీట్లు గూడ ఉంటాయి గదా?"

"ఉంటాయి."

"ఎంతంట?"

"తెలీదు. అడగలేదు."

"యాడ్నుంచి తెస్తావురా?" అంది శేషమ్మ.

"అడిగితే డబ్బులు పట్టవు గదమ్మా. ముందు కనుక్కుందాం." అతను మంచం మీంచి లేచి, చెప్పులు వెతుక్కుంటూ కూతురి దగ్గరగా వచ్చాడు. "పొద్దున ఫస్టు బస్సుకే పోదాం. ఫీజు ఎంతో, ఏమన్నా తగ్గిస్తారేమో ఆ పెద్ద మేడంను నువ్వే అడగాల. మైకులో అంతమందికి చెప్పినావంటనే. నేను నీ ఎనకమాల నిలబడతా."

"ఆమె రూలు రూలే అంటది నాయనా."

"అననీ," అన్నాడు యల్లయ్య. "మళ్ళీ అడుగు."